దండోరా నుంచి టెండరు పెట్టె దాకా



గుత్త అన్న మాట మీకందరికీ తెలిసిందే. మామిడి తోట గుత్తకిచ్చాం అంటాం. చెరువులో చేపలు గుత్తకు పోయాయి అంటాం. బళ్ళారిలో, కోలారులో మన పక్కింటి కన్నడిగులు దాన్నే గుత్తిగె అంటారు. హోసూరులో, తిరుత్తణిలో తమిళులు కుత్తగై అంటారు. మూడు భాషల వాళ్ళూ మూడు రకాలుగా పలికినా మాట ఒక్కటే. గంజాం వైపు వెళితే అది ఠికా అవుతుంది. నాందేడ్, చంద్రపూర్ దిక్కున కంత్రాట్ అవుతుంది. ఇంగ్లీషు వాడి కాంట్రాక్టు మరాఠీ నోట్లో పడి అలా అరిగిందన్నమాట.

మాట ఏదైతేనేం, దాని వెనక ఉన్న ప్రశ్న మాత్రం పాతదే. ఊరికి ఒక చెరువు కట్టాలి, ఒక రోడ్డు వెయ్యాలి, ఒక బడిగోడ లేపాలి. డబ్బు ప్రభువుది. పని ఎవరిది? పని పడిందన్న సంగతి ఎవరికి ముందు తెలుస్తుంది? ఎవరు పాడుకుంటారు? చివరికి ఆ మట్టి ఎవరు మోస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకీ ఒక్కొక్క కాలం ఒక్కొక్క జవాబు చెప్పింది. ఈనాటి ప్రసంగంలో ఆ జవాబులను కొంచెం తడిమి చూద్దాం.

కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు ఉంది. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, దాన్ని కట్టించి శాసనం వేయించాడు. మన దేశంలో చెరువు కట్టే శాస్త్రం గురించి అంత వివరంగా చెప్పిన శాసనాలు బహు తక్కువ. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, తప్పించుకోవలసిన దోషాలు ఆరనీ అందులో ఉంది. ఇంకో లెక్క కూడా ఉంది. రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారు, రాళ్ళకు నూరు బళ్ళు తిరిగాయి, రెండేళ్ళు పట్టింది. ఈ రోజుల్లో ఇంజనీరు వేసే అంచనాకు ఆ శాసనం తాతలాంటిది. కట్టించిన రాజు పేరుంది, వంశం ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కడి పేరూ లేదు. అది ఆ కాలపు తప్పు అనుకుందామా అంటే, ఇవాళ వంతెన మీద పాతే పాలరాతి పలకలో కూడా ఉండేది ప్రారంభించినవారి పేరే కదా!

అటు తరవాత నూటయాభై ఏళ్ళకు, అంటే 1520 ప్రాంతంలో, పోర్చుగీసు యాత్రికుడు పయెస్ విజయనగరం వచ్చాడు. ఇప్పటి హోస్పేట దగ్గర కృష్ణదేవరాయలు తవ్విస్తున్న చెరువును కళ్ళారా చూశాడు. పదిహేను ఇరవై వేల మంది అక్కడ పనిచేస్తున్నారనీ, చీమల్లా కనిపించారనీ రాశాడు. అంతకన్నా మనకు కావలసిన సంగతి ఇంకొకటి చెప్పాడు. రాజు ఆ పనిని భాగాలు చేసి తన నాయకులకు పంచాడట. ఎవరి భాగానికి వాళ్ళే పూచీ. పాట లేదు, పోటీ లేదు. రాజు పంచితే నాయకుడు తీసుకున్నాడు. మన పంచాయతీరాజ్ భాషలో చెప్పాలంటే అంతా నామినేషన్ పనే.

అయితే పల్లెటూళ్ళ చిన్న చెరువులకు ఇంకో పద్ధతి ఉండేది. నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. దాన్ని దశబంధం అంటారు. రాయలసీమలోను, కోలారు ప్రాంతంలోను శాసనాల్లో ఈ మాట పదేపదే తగులుతుంది. కన్నడంలో కట్టు కొడగె అంటారు. ఊళ్ళో శక్తిగల వాడెవడో ముందుకొచ్చి తన ఖర్చుతో చెరువు కడతాడు, లేదా తెగిన కట్టను పూడుస్తాడు. అతనికి రొక్కం ఇవ్వరు. ఆ చెరువు కింద పారే భూమిలో కొంత భాగం, పేరును బట్టి పదో వంతు, మాన్యంగా ఇస్తారు. ఏటేటా మరమ్మతు చూసుకోవడం అతని పూచీ.

ఇందులో ఉన్న తెలివి గమనించండి. చెరువు గట్టిగా ఉంటే అతని మడి పండుతుంది. కట్ట తెగితే మొదట ఎండేది అతని మడే. ఇవాళ టెండరు కాగితంలో లోపాల బాధ్యతా కాలం అని ఒక షరతు రాస్తారు. పని పూర్తయ్యాక ఫలానా కాలం లోపల గోడ బీటలు వారితే గుత్తేదారే బాగుచెయ్యాలి. ఆ గడువు గడిచిన మర్నాడు గోడ కూలినా అతనికేం పట్టదు. దశబంధంలో ఆ గడువు తరతరాలది. అలాగని ఆ కాలమే బంగారం అని నేను చెప్పడం లేదు. ముందుకు రావడానికి ఊళ్ళో పెద్దకాపుకో, కరణానికో, గుడి స్థానికుడికో తప్ప వేరేవాడికి వీలుండేది కాదు. దండోరా వేసి, ఎవరైనా రావచ్చు అని పిలిచిన పద్ధతి కాదది.

1800లో నిజాం నవాబు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీ వారికి దత్తం చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. థామస్ మన్రో అక్కడ 1807 దాకా ముఖ్య కలెక్టరుగా ఉన్నాడు. కంపెనీ వారికి శిస్తు కావాలి. శిస్తు రావాలంటే చెరువులు నిండాలి. చెరువులు నిండాలంటే కట్టలు నిలవాలి. ఇలా మరమ్మతు అన్నది కచేరీ పని అయింది. మరామత్తు శాఖ అన్న పేరు మన పెద్దవాళ్ళ నోట మొన్నమొన్నటి దాకా వినిపించేది. 1850ల్లో అది పూర్తి హంగులతో పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు అయింది. ఊళ్ళో రైతులు కలిసి పూడిక తీసుకునే కుడిమరామత్తు అలవాటు సడలిపోతోందని 1858లో మద్రాసులో చట్టం చేసి మరీ కట్టల మీదికి మనుషుల్ని రప్పించవలసి వచ్చింది. తనంతట తాను జరిగే పనికి చట్టం కావలసి వచ్చిందంటే అది చెడిపోయిందనే గుర్తు.

ఇక మన కథకు అసలు మలుపు 1871లో స్థానిక నిధుల చట్టంతోను, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టంతోను వచ్చింది. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్లు ఏర్పడ్డాయి. రోడ్లు, సత్రాలు, బళ్ళు, టీకాలు వాటి కిందికి వచ్చాయి. ఖర్చు పెట్టడానికి డబ్బు కావాలి కాబట్టి రాబడి మార్గాలు కూడా వచ్చాయి. రేవు, సంత, టోలుగేటు, రోడ్డు పక్క చింతచెట్ల కాయ. ఇవన్నీ ఏటేటా వేలం వేసేవారు.

ఆ వేలంపాట చూసినవాళ్ళు మీలో చాలామంది ఉండి ఉంటారు. సంత పాట, చేపల పాట చాలా ఊళ్ళలో ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ముందు దండోరా వేస్తారు. చావడి దగ్గర జనం చేరతారు. పాడేవాడు అందరి ఎదుటా నోరు విప్పి పాడాలి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ముగిస్తారు. ఎక్కువ పాడినవాడికి దక్కుతుంది. ధరావతు అక్కడికక్కడే కట్టాలి, ముచ్చిలిక రాసివ్వాలి. అక్షరం రానివాడికి కూడా అందులో చోటుంది, చెవి ఉంటే చాలు.

రోడ్డు వెయ్యడం, కల్వర్టు కట్టడం అలా కాదు. అక్కడ తక్కువ అడిగినవాడికి పని. అందరి ఎదుటా పాడితే ఒకరి మీద పంతంతో ఇంకొకరు గిట్టని ధరకు దిగిపోతారని కాబోలు, దీనికి మూసిన కవరు పద్ధతి పెట్టారు. ఇంజనీరు అంచనా వేస్తాడు. నోటీసు వేస్తారు. గుత్తేదారు షెడ్యూలు కొని, అంచనా మీద ఎంత శాతం తక్కువకు చేస్తాడో, ఎంత ఎక్కువకు చేస్తాడో రాసి, లక్క సీలు వేసి పెట్టెలో పడేస్తాడు. చెప్పిన రోజున, చెప్పిన గంటకు, వచ్చినవారి ఎదుట తెరుస్తారు. పద్ధతి చూడబోతే చాలా న్యాయమైనదే. కానీ దండోరా పోయి కాగితం వచ్చింది చూడండి, అక్కడ మెలిక పడింది. దండోరా ఊరంతా వింటుంది. కాగితం చూసినవాడికే కనబడుతుంది. జిల్లా గెజిట్లో పడుతుంది, కచేరీ నోటీసు బోర్డు మీద పడుతుంది. ఆ బోర్డుకు దగ్గరగా ఉన్నవాడికి పని దగ్గరవుతుంది.

పని పాడుకున్నవాడు మట్టి మొయ్యడు కదా! అది ఎవరు మోశారో చెప్పకుండా ఈ చరిత్ర ముగించడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే సరిహద్దు అవతల మన తెలుగు ఎంత దూరం పాకిందో చెప్పే కథ అదే.

1891 జనాభా లెక్కల నాటి మద్రాసు అధికారి స్టూవర్టు వడ్డెరల గురించి రాశాడు. రాళ్ళు కొట్టడం, బావులు తవ్వడం, చెరువు కట్టలు పొయ్యడం వీళ్ళు చేసినంత వేగంగా ఇంకెవరూ చెయ్యలేరనీ, ఆ పని దాదాపు వీళ్ళ సొంతమైపోయిందనీ, వీళ్ళు తెలుగువాళ్ళనీ, ఓఢ్ర దేశం నుంచి వచ్చారు కాబట్టి ఆ పేరు వచ్చిందనీ అతని మాటల సారాంశం. వీరిలో రాతి పనివారు వేరు, మట్టి పనివారు వేరు. కర్ణాటకలో వీరిని వడ్డర్లు, భోవీలు అంటారు. తమిళనాట ఒట్టర్లు, బోయర్లు అంటారు. మహారాష్ట్రలో వడార్లు, అక్కడ మళ్ళీ బండివాళ్ళను గాడీ వడార్ అనీ, మట్టి పనివాళ్ళను మాటీ వడార్ అనీ విడదీస్తారు. ఎక్కడ చెరువు పని పడితే అక్కడికి గాడిదల మీద, బండ్ల మీద సంసారం వేసుకుని పోయారు. పని ముగిశాక కొందరు అక్కడే గుడిసెలు వేసుకున్నారు. ఇలా పనివెంట పోయి నిలిచిపోయిన ఇళ్ళలో చాలాచోట్ల ఇప్పటికీ పొయ్యి దగ్గర మాట తెలుగే.

1945లో మొదలై 1953కు నీళ్ళు వదిలిన తుంగభద్ర ఆనకట్ట సంగతి తీసుకోండి. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు చెరొక వైపు నుంచి కట్టుకొచ్చాయి. అది రాతి కట్టడం, సున్నంలో సుర్కీ కలిపిన గచ్చు. రాతికి సుత్తి తగిలే చోట వడ్డెర చెయ్యి లేకుండా ఎలా ఉంటుంది?

మట్టి పనికి కూలి రోజుల లెక్కన కాదు, ఘనపుటడుగుల లెక్కన. ఎంత తవ్వారో తెలియాలంటే గుంట మధ్యలో అక్కడక్కడ తవ్వకుండా మట్టి దిమ్మలు వదిలేవారు. దిమ్మ నెత్తిన పాత నేల గడ్డి అలాగే ఉండాలి. ఓవర్సీరు వచ్చి దిమ్మ ఎత్తు కొలిచి పుస్తకంలో రాసుకుంటాడు. దాన్ని బట్టి బిల్లు. గుత్తేదారుకు బిల్లు వచ్చాక మేస్త్రీకి, మేస్త్రీ చేతి నుంచి గుంపుకు. మధ్యలో ముందుగా ఇచ్చిన బయానా తెగ్గోసుకుంటారు. బయానా అసలు తీరదు. ఒక పని నుంచి ఇంకో పనికి ఆ బాకీయే వాళ్ళను నడిపించేది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి మనవి చేస్తాను. మా మేనమామ బళ్ళారి జిల్లాలో చిన్న గుత్తేదారు. పెద్ద పనులు కావు; కల్వర్టులు, బడి గదులు, చెరువు కట్ట మరమ్మతులు. తెలుగు, కన్నడం రెండూ చదివేవాడు. ఇంగ్లీషు కూడబలుక్కునేవాడు. కచేరీ ఉన్న ఊరు ఆయన ఊరికి ఇరవై మైళ్ళు. అందుకని కచేరీ ఎదుట టీ కొట్టు ఆయనతో ఒప్పందం ఉండేది. బోర్డు మీద కొత్త కాగితం అంటిస్తే బస్సు డ్రైవరు ద్వారా కబురు పంపాలి. నెలకు పదిహేను రూపాయలు. ఇవాళ సమాచార సేవ అని చందాలు కట్టించుకునే కంపెనీలు ఉన్నాయి. మామయ్యది ఆ పద్ధతే, టీ గ్లాసుతో సహా.

1984 వేసవిలో మా ఊరి చెరువు కట్టకే పని పడింది. తూము పక్కన కట్ట జారుతోందని రైతులు అర్జీలు పెట్టగా పెట్టగా మంజూరైంది. టీ కొట్టు కబురు మధ్యాహ్నం అందింది. మామయ్య ఆ బస్సుకే వెళ్ళాడు. నోటీసు మీద తారీకు పది రోజుల వెనకది. అంటించింది మాత్రం ఆ ఉదయం. షెడ్యూళ్ళ అమ్మకం ఆ సాయంత్రం నాలుగింటితో ఆఖరు. ధరావతుకు డిమాండు డ్రాఫ్టు కావాలి, బ్యాంకు రెండింటికే మూసేశారు. గుమాస్తాగారిని బతిమాలితే, “తారీకు చూసుకోండి స్వామీ, పది రోజుల నాడే వేశాం” అన్నారు కన్నడంలో, మర్యాదగానే. పని మూడో మనిషికెవరికో అంచనాకు 18 శాతం తక్కువకు పోయింది. కొత్త మట్టి పోశారు గాని దిమ్మిస కొట్టించలేదు. మర్నాటి ఏడు కార్తెలు బాగా పట్టి, తూము పక్కనే, సరిగ్గా అదే చోట, రాత్రిపూట కట్ట తెగింది. మనుషులకేం కాలేదు. మాకు రెండెకరాల మడి ఇసుక మేట వేసింది. మా అమ్మ ఆ ఇసుక తట్టలతో ఎత్తిపోయించడానికి మెడలో గొలుసు కుదువపెట్టింది.

ఇంతవరకు చెప్పి ఆపితే మామయ్య ధర్మరాజు అనుకుంటారు మీరు. ఆయన కూడా రింగులో కూచున్నవాడే. రింగు అంటే తెలుసు కదా. టెండరు పెట్టె దగ్గర గుత్తేదారులంతా ముందే కలుస్తారు. ఈసారి ఫలానావాడికి అని తేల్చుకుంటారు. మిగిలినవాళ్ళు ఊరికే ఎక్కువ రేటు రాసి కవరు వేస్తారు, లేదా వెయ్యరు. అందుకు తలా ఇంత గుడ్‌విల్ పుచ్చుకుంటారు. పేరు చూడండి ఎంత పెద్దమనిషి పేరో! మా అక్క పెళ్ళి చీరలకు మామయ్య ఇచ్చిన మూడువందలు అలా వచ్చినవేనని చాలా ఏళ్ళ తరవాత ఆయనే చెప్పాడు. “పని చెయ్యకుండా వచ్చిన డబ్బు ఒరే అబ్బాయీ, పని చేస్తే ఇంత మిగిలేది కాదు” అన్నాడు. నవ్వాడు గాని, నవ్వులా లేదది. ఇంకొకటి కూడా ఒప్పుకున్నాడు. మట్టి దిమ్మ నెత్తిన గడ్డితో సహా ఇంకో పెళ్ళ కోసి పెట్టి, నీళ్ళు చల్లి, దిమ్మను అరడుగు పెంచే విద్య ఆయనకు, ఆయన మేస్త్రీకి ఇద్దరికీ తెలుసట.

మన ప్రాంతాలకు ఇంకో చిక్కు ఉంది. గుత్తేదారు కదలకుండానే రాష్ట్రం కదిలింది. 1936 ఏప్రిల్లో గంజాం, కోరాపుట్ ఒరిస్సాలోకి పోయాయి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో కలిస్తే బళ్ళారితో సహా మిగతా తాలూకాలు మైసూరులోకి పోయాయి. 1956లో రాయచూరు మైసూరుకు, నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి. 1960లో తిరుత్తణి మద్రాసుకు. యానాంలో 1954 దాకా ఫ్రెంచి వారి పాలన, ఆ తరవాత పుదుచ్చేరి. అంతదాకా మద్రాసు శాఖ కె-2 ఫారంలో ఒప్పందం రాసుకున్న మనిషి, ఆ మర్నాటి నుంచి వేరే రాష్ట్రపు రిజిస్ట్రేషను, వేరే ఫారం, వేరే భాష నేర్చుకోవలసి వచ్చింది. ఒడిశాలో ఎఫ్-2, పి-1. మహారాష్ట్రలో బి-1 అంటే అంచనా మీద శాతం చెప్పే పద్ధతి, బి-2 అంటే ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క రేటు చెప్పే పద్ధతి. కర్ణాటకలో తరవాత కె.డబ్ల్యు. అన్న వరుస వచ్చింది. మహారాష్ట్రలో టెండరును నివిద అంటారు, తమిళంలో ఒప్పందపుళ్ళి అంటారు. ఇవి తెలియని తెలుగు మేస్త్రీ ఎంత పనిమంతుడైనా, భాష తెలిసిన గుత్తేదారు కింద ఉపగుత్తకే మిగిలాడు.

చట్టం సంగతికి వద్దాం. చాలాకాలం టెండరు షరతులు కచేరీ మర్జీ మీద నడిచాయి. సర్కారు తన డబ్బుతో తనకిష్టమైన వాడికి పని ఇచ్చుకుంటే అడిగేదెవరు అన్న ధోరణి ఉండేది. 1979లో సుప్రీంకోర్టు దాన్ని కాదంది. బొంబాయి విమానాశ్రయంలో ఒక భోజనశాల గుత్త విషయం అది. రెండో తరగతి హోటలు నడిపి ఐదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే రావాలని నోటీసులో రాశారు. తీరా ఆ అర్హత లేని వాడికి ఇచ్చారు. జస్టిస్ భగవతి తీర్పు రాస్తూ, తాను పెట్టిన షరతుకు ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడి ఉండాలనీ, అర్హత లేదని ఊరుకున్నవాళ్ళకు ఆ సంగతి తెలిసి ఉంటే వాళ్ళూ పోటీకి వచ్చేవారు కదా అన్నది కూడా ఆలోచించాలనీ తేల్చారు. చిత్రమేమంటే ఇంత చెప్పి కూడా ఆ గుత్తను మాత్రం రద్దు చెయ్యలేదు, కోర్టుకు ఆలస్యంగా వచ్చారన్నది ఒక కారణం. సూత్రం దేశానికి దక్కింది, అర్జీదారుకు ఏమీ దక్కలేదు. 1994లో ఇంకో పెద్ద టెండరు కేసులో, నిర్ణయం మంచిదా కాదా అని కోర్టు చూడదు, నిర్ణయం చేసిన తీరు సరిగా ఉందా అన్నదే చూస్తుంది అని మరికొంత స్పష్టం చేశారు.

మనవైపు మొదట కదిలింది తమిళనాడు. 1998లో టెండర్ల పారదర్శకత చట్టం చేసింది. కర్ణాటక 1999 చట్టం అన్న పేరుతో తనదీ చేసింది. రెండూ అమలుకు వచ్చింది 2000 అక్టోబరులో. ఈ చట్టాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది టెండరు బులెటిన్. జిల్లాకొక బులెటిన్ ఉండాలి, అందులో నోటీసు పడాలి. నోటీసుకు, పెట్టె మూసే రోజుకు మధ్య కనీస వ్యవధి ఉండాలి. మొదట చేసిన నిబంధనల్లో 2 కోట్ల దాకా తమిళనాట 15 రోజులు, కర్ణాటకలో 30 రోజులు. అంతకు మించితే తమిళనాట 30, కర్ణాటకలో 60. వ్యవధి తగ్గించాలంటే పై అధికారి కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ ఉదయం అంటించి ఆ సాయంత్రం మూసేసే విద్యకు ఇది విరుగుడు. మామయ్యకు పదహారేళ్ళు ఆలస్యంగా అందిన విరుగుడు.

అయితే చిన్న మొత్తాల పనులకు చట్టంలో మినహాయింపు ఉంది. ఎక్కడ గీత గీస్తే దాని కిందికి దూరే పనులు పుట్టుకొస్తాయి. ఒక్క రోడ్డును మూడు ముక్కలు చేసి మూడు పనులుగా చూపించడం ఏ తాలూకాలోనైనా విన్న సంగతే.

2003 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కంప్యూటరు ద్వారా టెండర్లు మొదలుపెట్టింది. తరవాతి సంవత్సరాల్లో కర్ణాటక, తక్కిన రాష్ట్రాలూ వచ్చాయి. పెట్టె లేదు, లక్క లేదు, పెట్టె దగ్గర నిలబడి వచ్చినవాణ్ణి బెదిరించే గుంపు లేదు. ఇంటి నుంచే వెయ్యవచ్చు. ఏ జిల్లాలో ఏ పంచాయతీలో ఏం పని పడిందో హోసూరులో కూచుని చూడవచ్చు. వెతకడానికి శాఖ పేరు, ఊరి పేరు, పని విలువ ఇస్తే చాలు. నేను ఒకరోజు కుర్రవాడొకడి పక్కన కూచుని చూశాను. అరగంటలో మూడు జిల్లాల చెరువు పనులు తీశాడు. మామయ్య టీ కొట్టు జ్ఞాపకం వచ్చింది. కానీ డిజిటల్ సంతకం ఉండాలి, గత ఐదేళ్ళ టర్నోవరు చూపాలి, అలాంటి పనే ఇంతకు ముందు చేసినట్టు ధ్రువపత్రం ఉండాలి. మొదటి పని దొరకాలంటే ముందొక పని చేసి ఉండాలి. మరి ఆ ముందు పని ఎక్కడ దొరుకుతుంది? ఉపగుత్తగా చేసిన మేస్త్రీకి కాగితం ఎవరిస్తారు? ఇరవై చెరువులు పోసిన మనిషి పోర్టల్ లెక్కలో ఏ అనుభవమూ లేనివాడే. రింగు కూడా పూర్తిగా పోలేదు. పెట్టె దగ్గర కూచోవడం మానేసి టెలిఫోనులో కూచుంది, అంతే తేడా.

కర్ణాటకలో దీనికి ఒక చిన్న దారి తెరిచారు. 2010ల తర్వాతి సగంలో చట్టం సవరించి, 50 లక్షల లోపు పనుల్లో షెడ్యూల్డు కులాల గుత్తేదారులకు 17.15 శాతం, తెగలవారికి 6.95 శాతం కేటాయించారు. 2023లో ఆ పరిమితి కోటికి పెంచారు. భోవీలు కర్ణాటకలో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. అంటే ఏడు తరాలుగా మట్టి మోసినవారి మనవలు కొందరు ఇప్పుడు తమ పేరుతోనే కవరు వెయ్యగలుగుతున్నారు. సరిహద్దు దాటి ఆంధ్రలోకి వస్తే అదే వడ్డెరలు వెనకబడిన తరగతుల జాబితా. మహారాష్ట్రలో విముక్త జాతులు. తమ్ముడు రాయదుర్గంలో, అన్న బళ్ళారిలో ఉన్న కుటుంబంలో ఒకరికి ఉన్న దారి ఇంకొకరికి లేదు.

గుత్తేదారే వద్దన్న ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టం గుత్తేదారులను నిషేధించింది, కూలి పోగొట్టే యంత్రాలను కూడా. పూడికతీత, కట్ట పని ఊరివాళ్ళే చెయ్యాలి, కూలి నేరుగా వాళ్ళకే చెల్లాలి. మస్టరులో ప్రతి కూలీ పేరూ రాయాలి. పోరుమామిళ్ళ శాసనంలో లేని పేర్లు అవే. దొంగ పేర్లు కూడా ఎక్కాయనుకోండి, ఆ రభసలు మీరు వినే ఉంటారు. అయినా పేరు రాయాలన్న నియమం చిన్నది కాదు.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. 2005 సమాచార హక్కు చట్టంలో చాలామంది గమనించని వాక్యం ఉంది. కాగితాల నకళ్ళే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. మీ ఊరి చెరువు కట్టకు ఎంత మట్టి పోశారో కొలతల పుస్తకంలో ఉంటుంది. ఆ పేజీ నకలు పది రూపాయల అర్జీతో అడగవచ్చు. మా ఊళ్ళో తెగి పూడ్చిన ఆ కట్టకు మళ్ళీ పని పడినప్పుడు మా తమ్ముడి కొడుకు అలా అడిగి తెప్పించాడు. పేజీ మీద కొలతలన్నీ కన్నడంలో, చక్కని దస్తూరీలో ఉన్నాయి. వాడు, ఇంకో ఇద్దరు రైతులు టేపు పట్టుకుని తూము దగ్గరి నుంచి కొలుచుకుంటూ పోయారు. నూట ఎనభై అడుగుల దాకా లెక్క సరిపోయింది. ఆ తరవాత ఇరవై అడుగులు కాగితం మీద ఉంది గాని కట్ట మీద లేదు. వాడు రెండో అర్జీ రాస్తున్నాడు, దానికి తెలుగులోంచి కన్నడం చెయ్యడానికి మామయ్య పాత కాగితాల పెట్టె తిరగేస్తున్నారు.